సీటీ స్కాన్ గదిలోని వాళ్లందరికీ మా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఊపిరితిత్తిలో గడ్డను సూదితో కాల్చే మైక్రోవేవ్ అబ్లేషన్ కోసం నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై వచ్చేవాళ్ల కోసం రాసిన 4 పేజీల తెలుగు కాగితం పూర్తయింది. మా చిత్తుప్రతిని ఓపిగ్గా దిద్దిన డాక్టర్లకు, టెక్నీషియన్లకు, నర్సులకు చేతులెత్తి దండం. ఎవరు ఏం దిద్దారో చెప్తే చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాం.

ముందుగా సీటీ టెక్నీషియన్ అన్నకు. "ఊపిరి బిగబట్టండి" అని మేము రాసిన మాటను ఆయన కొట్టేయించారు. బిగబట్టమంటే మనవాళ్లు రొమ్ము నిండా గాలి లాగి, బుగ్గలు పూరించి ఆపుతారు. ఒక్కోసారి ఒక్కో కొలత. కింది భాగంలో ఉన్న గడ్డ ఊపిరితో పాటు ఒకటి రెండు సెంటీమీటర్లు సులువుగా జరుగుతుంది. సూదికి దారి చూపే రోబో లెక్క కట్టేదేమో స్కాన్ తీసిన క్షణంలో గడ్డ ఎక్కడుందో దాన్ని బట్టి. సూది దిగే క్షణానికి గడ్డ అక్కడ లేకపోతే ఎంత సూటి గురైనా దండగే. అందుకే ఇప్పుడు కాగితంలో ఇలా ఉంది: "మామూలుగా పీల్చండి. మామూలుగా వదలండి. అక్కడే ఆగండి." వదిలాక ఆగే చోటు ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది, పీల్చాక ఆగే చోటు అలా కుదరదు. ముందురోజు మంచం మీద పడుకుని పదిసార్లు చేసి చూసుకుంటే చాలు. పూర్తి మత్తు ఇచ్చేవాళ్లకు ఈ తిప్పలు లేవు, మత్తు డాక్టరే వెంటిలేటర్‌ను కాసేపు ఆపుతారు.

"రోబో పొడుస్తుంది" అన్న మా వాక్యం రేడియాలజీ డాక్టరమ్మ దగ్గర నిలవలేదు. చెన్నై కంపెనీ పర్‌ఫింట్ తయారుచేసిన మాక్సియో లాంటి యంత్రాల్లో డాక్టరు తెర మీద రెండు చుక్కలు పెడతారు, చర్మం మీద ఒకటి, గడ్డలో ఒకటి. యంత్రం చెయ్యి ఆ కోణానికి వచ్చి సూదికి దారి పట్టుకుని నిలబడుతుంది. సూదిని దింపేది డాక్టరు చెయ్యే. దింపాక మళ్లీ స్కాన్ తీసి కొన ఎక్కడుందో చూస్తారు. ఊపిరితిత్తి పైపొరను ఎన్నిసార్లు గుచ్చితే గాలి లీకయ్యే అవకాశం అంత పెరుగుతుంది కాబట్టి, మొదటిసారే సరైన కోణం దొరకడమే రోబోతో అసలు లాభం. దారి ఎంచుకోవడం మాత్రం మనిషి పనే. పక్కటెముక కింది అంచు వెంబడి రక్తనాళాలు, నరం పోతాయి గనుక సూది ఎప్పుడూ ఎముక పై అంచును ఆనుకునే దిగాలి. ఊపిరితిత్తి భాగాల (లోబుల) మధ్య ఉండే సహజమైన చీలికను దాటకుండా పోవాలి.

ఇంకో మాట కూడా ఆమే చేర్పించారు. ప్లాను వేశాక రోగి నడుము కాస్త కదిలినా ఆ ప్లాను చెల్లదు, స్కాన్ మళ్లీ మొదటికొస్తుంది. కదలడానికి కారణం చాలాసార్లు భయం కాదు, చేతులు తలకు పైగా చాపి ఉంచడం వల్ల వచ్చే భుజం నొప్పి. భుజం పట్టేసినవాళ్లు ముందురోజే చెప్పాలి, దిండ్లు సర్ది వేరే భంగిమ చూస్తారు.

కొలతల సంగతి. 3 సెంటీమీటర్ల లోపు గడ్డలకే ఇది బాగా పనిచేస్తుంది. చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్లు, వీలైతే సెంటీమీటరు ఆరోగ్యకరమైన భాగం కూడా కాలాలి. అంటే 2 సెంటీమీటర్ల గడ్డకు 3 నుంచి 4 సెంటీమీటర్ల మేర కాలాలి. పక్కనే 3 మిల్లీమీటర్లు దాటిన రక్తనాళం ఉంటే పారే రక్తం వేడిని లాక్కుపోతుంది, ఆ వైపే గడ్డ మిగిలిపోయే ప్రమాదం.

మత్తు డాక్టరుగారు ఒక్క వాక్యం చేర్చారు, అది బంగారం. ఆపరేషన్‌కు 6 గంటల ముందు తిండి, 2 గంటల ముందు నీళ్లు ఆపాలి కదా. పాలు కలిపిన కాఫీ తిండి లెక్కే, నీళ్ల లెక్క కాదు. ఈ ఊళ్లో పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగి వచ్చి వాయిదా పడ్డవాళ్లు తక్కువేం కాదట! రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్రను సాధారణంగా 5 రోజుల ముందు ఆపుతారు, గుండెలో స్టెంటు ఉంటే మాత్రం గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు.

వార్డు సిస్టర్ అక్క తర్వాతి కథంతా రాయించారు. సూది గుచ్చిన వైపే కిందికి పెట్టి పడుకోవాలి, గట్టిగా దగ్గకూడదు. కొన్ని గంటల్లో ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తి నుంచి లీకై దాని చుట్టూ చేరిన గాలి కొంచెమే అయితే దానంతటదే పోతుంది, ఎక్కువైతే సన్నటి గొట్టం వేసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఇంటికెళ్లాక కూడా గాలి చేరవచ్చు, కాబట్టి ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. గాలి పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పేదాకా విమానం వద్దు. కళ్లెలో నెత్తుటి చారలు, కాస్త జ్వరం కొన్ని రోజులు మామూలే. 101 దాటినా, పుక్కిలి నిండా నెత్తురు పడ్డా మామూలు కాదు.

నెల తర్వాత తీసే సీటీలో మచ్చ పాత గడ్డకంటే పెద్దగా కనిపిస్తుంది. అది కాలిన చోటు. "పెరిగింది" అనుకుని ఏడ్వొద్దని పెద్ద అక్షరాల్లో వేయించింది కూడా ఈ అక్కే. ఆ స్కానే ఇక ముందు పోలికకు ఆధారం.

మళ్లీ టెక్నీషియన్ అన్న దగ్గరికే వస్తాం. లోపల కళ్లజోడు తీసేస్తారు, కాగితం ఎవరు చదువుతారు అని ఆయనే అడిగారు. తమిళంలో ఊపిరిని "మూచ్చు" అంటారు, అది విని మూర్ఛ అనుకుని బెదిరినవాళ్లున్నారట. ఇప్పుడు మైకు పక్కన ఒక చీటీ అంటించి ఉంది. మన మూడు తెలుగు వాక్యాలే, తమిళ లిపిలో, ఆయన చేతిరాతతో.