మావా, ఏసీ జబ్బు అగరుబత్తితో దొరికింది!

ఒరేయ్ మావా,

సంక్రాంతికి నువ్వు రాసినదానికి మే నెలలో జవాబు రాస్తున్నాను. తిట్టు, పడతాను. నిజంగా రెండుసార్లు మొదలుపెట్టాను రా, ఒకటి బెల్లం లెక్కల పుస్తకంలో సగం రాసి వదిలేస్తే దాని మీద అమ్మ పాలవాడి లెక్క వేసేసింది. ఇక్కడ అందరూ బాగున్నారు. చెల్లికి మధురవాడ సంబంధం దాదాపు కుదిరినట్టే, మేడ మీద గదికి శ్లాబు పడింది, మీ అమ్మని మొన్న ఆదివారం చూసొచ్చాను, మోకాలు ఇప్పుడు నయమట, నీకు ఆవకాయ పంపడానికి మస్కట్ వచ్చే మనిషి కోసం చూస్తోంది. మిగతావి తర్వాత. ముందు బండి ఏసీ సంగతి చెప్పాలి, ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది, ఇంట్లోవాళ్లు ఇప్పటికే నాలుగుసార్లు విన్నారు.

నీకు మన పికప్ తెలుసు కదా, అనకాపల్లి నుంచి బెల్లం ఎక్కించుకుని లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా విశాఖ ఊళ్లోకి రావడం, దుకాణాలకి దించడం. ఫిబ్రవరి చివర నుంచి ఏసీకి ఒక విచిత్రమైన జబ్బు పట్టింది. అనకాపల్లి దాటి హైవే మీద అరవైలో పోతుంటే చల్లగా, వేళ్లు జివ్వుమనేలా వస్తుంది. గాజువాకలో సిగ్నల్ పడి బండి ఆగిందా, రెండు నిమిషాల్లో వేడిగాలి. మళ్లీ కదిలితే చల్లదనం. చిన్న థర్మామీటరు కొని గాలి వచ్చే రంధ్రంలో గుచ్చాను (నువ్వు చేసే పనే, నాకూ అంటింది), హైవేలో 9 డిగ్రీలు, సిగ్నల్లో 26. బండి నిలబడితే వేడెక్కడం మన పాత స్కూటర్ గుర్తుకు తెచ్చింది, దాన్ని నెట్టుకుంటూ మనం హనుమంతవాక దాకా... సరే అది వద్దులే.

మొదటి షెడ్డువాడు బానెట్ ఎత్తకుండానే గ్యాస్ తగ్గిందన్నాడు. పట్టించాను, 1,800. వారానికి మళ్లీ అంతే. రెండో షెడ్డులో ఇంకొంచెం గ్యాస్ కొట్టారు, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ పోతోంది, మార్చాలి, 22 వేలు అన్నారు. మూడోవాడు గ్రిల్లు వెనకుండే కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) నీళ్లతో కడిగాడు, అందులో నిజంగానే మట్టీ పురుగులూ ఉన్నాయి, కానీ కడిగాక కూడా సిగ్నల్లో వేడే. అప్పటికి సుమారు ఐదు వేలు పోయాయి, బండి మాత్రం మొదటి రోజులాగే ఉంది.

నేనూ ఊరుకున్నాను రా. అద్దాలు దించుకుని తిరిగేద్దాం అనుకున్నాను. అదే నా తప్పు.

ఏప్రిల్లో ఒక మంగళవారం నాన్న వస్తానన్నారు. తెలుసు కదా, ఆయన వద్దంటే ఆగరు, దుకాణాలవాళ్ల దగ్గర బాకీలు ఆయనే వసూలు చేయాలి, నేనడిగితే వాళ్లు టీ ఇచ్చి పంపేస్తారు. తిరిగి వస్తుంటే మధ్యాహ్నం రెండున్నరకి గాజువాకలో ఒక లారీ అడ్డంగా ఆగిపోయింది. నలభై నిమిషాలు. ఆ రోజు ఎండ 38 అనుకుంటా, అసలు ఎండ కాదు రా, ఉక్క. ఊళ్లో వాల్తేరు దగ్గర ఒకటి, ఎయిర్‌పోర్టు దగ్గర ఒకటి, రెండుచోట్ల వేడి కొలుస్తారు చూడు, వేసవిలో మామూలుగా ఎయిర్‌పోర్టు వైపే ఎక్కువ చూపిస్తుంది, సముద్రపు గాలి వాల్తేరుకి అందినట్టు ఇటు అందదు కదా. పక్కనే లారీ సైలెన్సర్, అద్దం దించితే పొగ, ఎత్తితే ఆవిరి. నాన్న తడి తువ్వాలు తల మీద వేసుకుని కూర్చున్నారు, అంతసేపు ఎవరో బాకీ గురించి మాట్లాడుతున్నవారు ఒక్కసారిగా మానేశారు. చూస్తే పెదాలు ఎండిపోయి, చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పిలిస్తే "ఊఁ" అన్నారు, అంతే.

మావా, నాకు కాళ్లలో సత్తువ పోయింది. బండి అక్కడే వదిలేసి పక్క చెప్పుల దుకాణంలోకి ఎత్తుకెళ్లాను, ఆ దుకాణంవాళ్లు ఫ్యాన్ కింద పడుకోబెట్టి నీళ్లు చల్లారు, ఒక ఆవిడ మజ్జిగ తెస్తే మింగలేకపోయారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు సెలైన్లు ఎక్కించారు. సాయంత్రానికి లేచి కూర్చుని "బెల్లం ఎండలో ఉండిపోయిందా?" అని అడిగారు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఇప్పుడు బాగున్నారు, నువ్వు కంగారు పడకు, ఫోన్ చేసి ఆయనతో దీని గురించి మాట్లాడకు, చిన్నతనంగా అనిపిస్తుంది ఆయనకి.

ఏసీ అంటే విలాసం అనేవాళ్ల మీద ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు కదా, మంచి పనే, కానీ అది 3.5 టన్నులు దాటినవాటికే. మనలాంటి చిన్న పికప్‌లు నడిపేవాళ్లకి ఎండ తక్కువ కొడుతుందా? అద్దాలకి ఫిల్ము వేద్దామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ఇక ఉన్న ఏసీయే సరిగ్గా పనిచేయాలి, వేరే దారి లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న గురువారం హారన్ మోగడం లేదని కంచరపాలెంలో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఏసీ మెకానిక్ కాదు, వైర్లు చూసే మనిషి. ఇంజిన్ ఆన్‌లో ఉంది, ఏసీ నడుస్తోంది, ఆయన గ్రిల్లు ముందు వంగి హారన్ చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. "ఏటి బాబూ, ముందుకి వేడిగాలి కొడతంది?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ దగ్గర ఉన్న అగరుబత్తి తీసి వెలిగించి గ్రిల్లు ముందు పెట్టాడు. పొగ లోపలికి పోవాలి కదా? పోలేదు రా! తిన్నగా ఆయన మొహం మీదకి వచ్చింది.

ఫ్యాన్ తిరగబడి తిరుగుతోంది! 

నవంబరులో ఆనందపురం దగ్గర గేదె అడ్డొచ్చి గుద్దుకుంది, గుర్తుందా, ఫోటో పంపాను. అప్పుడు కండెన్సర్ ముందుండే ఫ్యాన్ విరిగితే ఒక షెడ్డులో పాత ఫ్యాన్ వేశారు. దాని సాకెట్ మన బండికి సరిపోక వైర్లు కోసి ముడేశారు, ముడేసేటప్పుడు ప్లస్సూ మైనస్సూ మారిపోయాయి. ఆ చిన్న మోటారుకి రెండు వైర్లు మార్చి కలిపితే అటు కాక ఇటు తిరుగుతుంది, అంతే తేడా. చలికాలం కాబట్టి ఎవరికీ తెలియలేదు. కండెన్సర్ పని గ్యాస్‌లోని వేడిని బయటికి వదలడం. హైవేలో ఎదురుగాలే బలంగా కొట్టి ఆ పని చేసేస్తుంది, తిరగబడ్డ ఫ్యాన్ దాన్ని ఆపలేదు. బండి ఆగితే దిక్కు ఫ్యానే. అది ఇంజిన్ దగ్గరి వేడిని మళ్లీ ముందుకి లాగి కండెన్సర్ మీదే పోస్తోంది. గ్యాస్ చల్లబడక ప్రెషర్ పెరిగిపోయి, కంప్రెసర్ కాలిపోకుండా ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. నేను సిగ్నల్లో వినే ఆ "టక్" శబ్దం అదే! ఇంజిన్ వేడి ముల్లు మాత్రం ఎప్పుడూ మధ్యలోనే ఉండేది, ఎందుకంటే రేడియేటర్ వెనక బెల్టుతో తిరిగే పెద్ద ఫ్యాన్ వేరే ఉంది. అందుకే ఎవరికీ ఫ్యాన్ మీద అనుమానం రాలేదు.

రెండు వైర్లు అటూ ఇటూ మార్చాడు, టేపు చుట్టాడు. పది నిమిషాల పని. మళ్లీ అగరుబత్తి పెడితే పొగ గీత గీసినట్టు లోపలికి పోయింది. వంద రూపాయలు అడిగాడు మావా, వంద! రెండు బెల్లం దిమ్మలు కూడా ఇచ్చాను, వద్దంటూనే తీసుకున్నాడు.

కానీ అప్పటికీ సిగ్నల్లో 18 దగ్గరే ఆగింది. ఆయనే చెప్పాడు, ఇద్దరు కొట్టిన గ్యాస్ ఎక్కువైపోయి ఉంటుంది, అంతా తీయించు అని. ఎక్కువైనా ప్రెషర్ పెరుగుతుందట, తక్కువైతే చల్లదనం రానట్టే. బానెట్ మూత కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసే ఉంది, మనవాళ్లు మాత్రం చేత్తో పైపు పట్టుకుని చూసి పోస్తారు. తూకం వేసి పట్టేవాడిని వెతికి, పాతది తీయించి, పైపుల్లోని గాలీ తడీ లాగేసేలా అరగంట వ్యాక్యూమ్ పెట్టించి, స్టిక్కర్ ప్రకారం పట్టించాను. ఇంకో మాట, గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు చూడకుండా పట్టేవాడి దగ్గరికి ఇక నేను పోను.

నిన్న నాన్నని తీసుకుని అదే దారిలో వచ్చాను. కావాలనే రెండింటికి. గాజువాకలో ఆగాం, నేను థర్మామీటరే చూస్తున్నాను, 13 దగ్గర నిలబడింది, కింద నీళ్లు ధారగా కారుతున్నాయి. మన దగ్గర గాలిలో తడి ఎక్కువ కదా, ఏసీ బలంలో చాలా భాగం ఆ తడి పిండడానికే పోతుంది, అందుకే బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంచుతున్నాను. కాసేపటికి నాన్న తువ్వాలు భుజాల మీద కప్పుకుని "తగ్గించరా, చలేస్తోంది" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి ఈ జన్మలో వింటాననుకోలేదు. మన లెక్కల మాస్టారి గొడుగు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను, నీకు మాత్రమే తెలుస్తుంది ఎందుకో.

నువ్వు అక్కడ రోజంతా పికప్‌లోనే తిరుగుతావు కదా, క్యాబిన్ పైకప్పు లోపల ఏమైనా అతికిస్తారా? ఎండలో నిలబెట్టి ఎక్కేటప్పుడు సీటు కాలిపోతుంది, రేకు ఒక్కటే ఉంది పైన. థర్మోకోల్ పెడదామా అనుకున్నాను, కానీ వేడికి అది... నీకు ఏది మేలో కనుక్కుని రాయి. నీ బండి ఫ్యాన్ ముందు కూడా ఒకసారి అగరుబత్తి పెట్టి చూడు, నవ్వకు, నిజంగా చెప్తున్నాను.

పెళ్లి తేదీ ఖాయమైతే ముందే చెప్తాను, సెలవు పెట్టుకో. ఇంకా రాద్దామనుకున్నాను, ఆ భీమిలి స్థలం గురించి కూడా చెప్పాలి, నువ్వు అడిగావు కదా, దానికి అమ్మే ఆయన చెప్పిన ధర... ఇదిగో దిమ్మలు ఎక్కించేవాళ్లు వచ్చేశారు, కిందనుంచి కేకేస్తున్నారు. ఉంటాను రా.