పాత సింథసైజర్ మెట్లకు మరమ్మతే మేలు

సంపాదకులకు,

1970లో వెలువడిన మినీమూగ్ సింథసైజర్‌లో (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే కీబోర్డు వాయిద్యంలో) నాలుగు మెట్లు, అంటే కీలు, మోగకపోతే మొత్తం కీబోర్డునే మార్చేయమని కొందరు సలహా ఇవ్వడం నాకు బాధ కలిగిస్తోంది. ఇటీవల నేను బాగుచేసిన వాయిద్యంలో 44 మెట్ల కింది రబ్బరు బుషింగులు (మెట్లు ఊగకుండా పట్టి ఉంచే చిన్న తొడుగులు) కరిగి, ముదురు పాకంలా వేళ్లకు అంటుకున్నాయి. వాటిని ఓపికగా గీకి తీసి కొత్తవి తొడిగాక, టకటకమంటూ ఊగుతున్న మెట్లు కుదురుకున్నాయి. ఇక మోగని మెట్ల విషయానికొస్తే, నొక్కినప్పుడు లోహపు కడ్డీని తాకవలసిన సన్నని తీగకు పట్టిన మురికే అసలు దోషం. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. శాండ్‌పేపరుతో రుద్దితే పైపూత లేచిపోయి, తీగ మళ్లీ త్వరగా పాడవుతుంది. వంగిన తీగను పక్క తీగల వరుసతో సరిచూసుకుంటూ, చిన్న పటకారుతో వెంట్రుకవాసి మాత్రమే కదపాలి. ఇలాంటి మరమ్మతుల గురించి సచిత్ర వ్యాసాలు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, న్యూయార్క్