పూర్వసూచన పాఠం గురించి
టీచర్లకు నమస్కారం. పర్లాకిమిడిలో నిన్న ఎనిమిదో తరగతికి పూర్వసూచన, అంటే కథలో జరగబోయేదానికి ముందే చిన్న ఆనవాలు వదలడం గురించి చెప్పాను. నిర్వచనంతో మొదలుపెడితే పిల్లలు ఆవలించారు (తప్పు నాదే). చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే ఏమవుతుందిరా అన్నాను. వాన అని తెలుగులో కొందరు, ఒడియాలో కొందరు అరిచారు. ఇక పని సులువైంది.

కాళిదాసు శాకుంతలం తీసుకున్నాను. నాలుగో అంకంలో చెలికత్తెలు, రాజు గుర్తుపట్టకపోతే ఉంగరం చూపించమంటారు. ఆ మాటకే శకుంతల వణికిపోతుంది. ఐదో అంకంలో చూసుకుంటే వేలికి ఉంగరం లేదు! "ముందే చెప్పేస్తే మజా ఏముంది సార్?" అందో పాప. చెప్పలేదమ్మా, చిన్న ఆనవాలు వదిలాడంతే అన్నాను.

మీరూ ముందు కథంతా చదివించి, తర్వాత వెనక్కెళ్లి ఆనవాళ్లు వెతికించండి. శనివారానికి ఎవరు ఏ కథ తీసుకుంటున్నారో ఇక్కడే పెట్టండి.