కొలత నివేదికతోపాటు ప్రోబు వివరాలూ ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

తయారైన భాగాన్ని పలు చోట్ల తాకి దాని కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్, అంటే షాపుల్లో అందరూ సీఎంఎం అని పిలిచే యంత్రం, ఇచ్చిన అంకెకు తిరుగులేదన్న నమ్మకం మన జిల్లాలో బాగా నాటుకుపోయింది. చిన్న మెషిన్ షాపుల వారు అంత ఖరీదైన యంత్రం కొనలేక బయట డబ్బు కట్టి కొలిపించుకుంటారు. చేతి పరికరమైన మైక్రోమీటర్‌తో కొలిచినప్పుడు సరిగా వచ్చిన జాబ్ (తయారైన భాగం) అక్కడ తప్పితే కాగితం మీద ఉన్నదే నిజమనుకొని తుక్కులో వేస్తారు. ఆ కాగితంలో ప్రోబు, అంటే యంత్రంలో జాబ్‌ను తాకే భాగం, ఏ స్థితిలో ఉందో తరచుగా ఒక్క ముక్క కూడా ఉండదు. నా అభ్యంతరం దాని మీదే.

ప్రోబుకు బిగించే సన్నని కడ్డీ స్టైలస్. దాని చివరి రూబీ బంతి కొలతలో ఎంత వ్యాసంగా లెక్కకు వస్తుందో యంత్రానికి ముందుగా తెలియదు. వ్యాసం తెలిసిన మాస్టర్ గోళాన్ని పలు చోట్ల తాకి, ఆ తాకిడికి స్టైలస్ వంగడాన్నీ ప్రోబు కాస్త ఆలస్యంగా స్పందించడాన్నీ కలుపుకొని బంతి వ్యాసాన్ని లెక్కగడుతుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. గోళం మీద నూనె మరక, వదులైన స్టైలస్ మర, తప్పుగా టైపు చేసిన గోళపు వ్యాసం, కాలిబ్రేషన్‌కు ఒక వేగం కొలతకు మరో వేగం, వీటిలో ఏది ఉన్నా ఆ లెక్క చెడుతుంది. తేడా రాగానే కొందరు ఆపరేటర్లు కాలిబ్రేషన్ మళ్లీ నడిపి ఊరుకుంటారు. గోళం తుడవకుండా, మర బిగించకుండా ఎన్నిసార్లు నడిపినా అదే తప్పు కొత్త తేదీతో నమోదవుతుంది.

దోషం ఎక్కడుందో పట్టుకోవడం నిజానికి కష్టం కాదు. బంతి వ్యాసం ఎక్కువగా నమోదైతే షాఫ్టులు చిన్నవిగానూ రంధ్రాలు పెద్దవిగానూ కనిపిస్తాయి, తక్కువగా నమోదైతే తారుమారవుతాయి. రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం మాత్రం చెక్కుచెదరదు. అందుకే వ్యాసం కచ్చితంగా తెలిసిన ఒక రింగ్ గేజినీ (రంధ్రమున్న ఉంగరం) ఒక ప్లగ్ గేజినీ (గుండ్రటి కడ్డీ) కొలిచి చూసినప్పుడు ఒకటి పెద్దగానూ మరొకటి చిన్నగానూ వస్తే ముందు ప్రోబునే అనుమానించాలి.

పొడవుతోపాటు తేడా పెరుగుతూ పోతే కారణం వేడి కావచ్చు. కొలతలకు అంతర్జాతీయ ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 300 మి.మీ. అల్యూమినియం జాబ్‌ను 35 డిగ్రీల షెడ్డు నుంచి తెచ్చి నేరుగా యంత్రపు బల్ల మీద పెడితే అది సుమారు 100 మైక్రాన్లు (0.1 మి.మీ.) పెరిగి ఉంటుంది. బల్ల గ్రానైట్‌దే కదా అని ధీమా పడడానికి లేదు. గ్రానైటూ వేడికి పెరిగేదే, కాకపోతే అల్యూమినియంలో సుమారు మూడో వంతు. కరెంటు బిల్లుకు జంకి రాత్రి ఏసీ ఆపేసే గదుల్లో ఉదయపు మొదటి కొలతల సంగతి చెప్పనక్కర్లేదు. అల్యూమినియం విషయంలో ఇంకో చిక్కు ఉంది: రూబీ బంతితో దాన్ని ఎక్కువసేపు స్కాన్ చేస్తే లోహం బంతికి అంటి పేరుకుంటుంది. అటువంటి పనికి సిలికాన్ నైట్రైడ్ బంతి మేలు.

డబ్బు తీసుకొని కొలిచే కేంద్రాలు ప్రతి నివేదికలోనూ బంతి వ్యాసం, కాలిబ్రేషన్‌లో వచ్చిన ఆకార దోషం (తాకిన బిందువులు సరైన గోళం నుంచి ఎంత తప్పాయన్నది), కాలిబ్రేషన్ తేదీ, గది ఉష్ణోగ్రత రాసి ఇవ్వాలి. ఉష్ణోగ్రత తప్ప మిగిలినవి ఎలాగూ కంప్యూటర్‌లో ఉండేవే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు కూడా రింగ్, ప్లగ్ గేజిల పరీక్షను ఒక ప్రాక్టికల్‌గా పెట్టాలని, యంత్రం లేని చోట విద్యార్థులను దగ్గరలోని పరిశ్రమకు ఒక పూట తీసుకువెళ్లి చూపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత క్వాలిటీ ఇన్‌స్పెక్టర్,
నెల్లూరు