ఆ పొట్టి అరటి మొక్కల సంగతి

నిరుడు జూన్‌లో మా ఆనందపురం నర్సరీ నుంచి జీ-9 రకం అరటి టిష్యూ కల్చర్ మొక్కలు (ల్యాబ్‌లో సీసాల్లో పెంచినవి) పట్టుకెళ్ళినవాళ్ళకి ఈ కబురు.

పద్మనాభం వైపు రైతు ఒకాయన నాలుగో నెలలో ఫోన్ చేశాడు. "ఏటి బాబూ, ఇయ్యి జీ-9 మొక్కలేనా? కుండీల్లో పెట్టుకునేవి ఇచ్చేసినావేటి?" వెళ్ళి చూశాను. వరసల్లో అక్కడక్కడ మోకాలెత్తు మొక్కలు. ఆకు పొట్టిగా, వెడల్పుగా, దళసరిగా ఉంది. కాడలు విసనకర్ర మడిచినట్టు ఒకదానిమీదొకటి. గెల వేసినా గొంతులోనే ఇరుక్కుపోతుంది. వెయ్యికి అరవై పైచిలుకు తేలాయి. నీళ్ళ తేడా అయ్యుంటుందని మొదట బుకాయించాను. పక్క మొక్క నిలువెత్తున ఉంటే ఇంకేం చెప్తాం!

ఇది తెగులు కాదు, వైరస్ కాదు. ఒక్క పిలక నుంచి వేల మొక్కలు తీస్తారు. సీసాల్లో విడదీసి మళ్ళీ మళ్ళీ పెంచేకొద్దీ కొన్ని జాతి తప్పుతాయి. అందుకే ఎనిమిది విడతల లోపే ఆపాలంటారు. నాకు మొక్కలిచ్చిన ల్యాబ్ ఎన్ని విడతలు లాగిందో నేను అడగలేదు. రేటు మాత్రం అడిగాను.

ఇకనుంచి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో తెచ్చిన సర్టిఫికేషన్ కింద గుర్తింపు ఉన్న ల్యాబ్ మొక్కలే తెస్తాను, జన్యు మార్కర్ రిపోర్టు చూశాకే. లేతాకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ చేసి (అంటే అందులో కొన్ని ముక్కల్ని లక్షల నకళ్ళుగా పెంచి) జెల్ అనే మెత్తటి పలక మీద వేస్తే గీతలు పడతాయి. తల్లిమొక్క గీతలూ పిల్లమొక్క గీతలూ ఒక్కలా ఉండాలి. ఒకటి తగ్గినా, ఎక్కువైనా అనుమానమే. కావెండిష్ రకంలో పొట్టివాటిని ఇలా పట్టొచ్చని ఆస్ట్రేలియాలో 1990లలోనే చూపించారు. మన జీ-9 కూడా ఆ కుటుంబమే.

అలాగని పూచీ పడలేను. పరీక్ష బ్యాచ్‌కి కొన్ని మొక్కలకే. మార్కర్లు కూడా డీఎన్‌ఏలో కొంత భాగాన్నే చూస్తాయి, తప్పించుకునేవి ఉంటాయి. అందుకని షేడ్‌నెట్‌లో తేడా కనిపించిన మొక్కని మేమే పీకేస్తాం. ఇంత చేస్తే మొక్కకి రెండు రూపాయలు పెరుగుతోంది, తప్పట్లేదు.

పాతవాటి సంగతి: ఇప్పుడు కొత్త మొక్క ఇచ్చినా పెద్దవాటి నీడలో లేవదు. ఎన్ని పొట్టివో ఫొటోలు పంపండి, డబ్బు వెనక్కిస్తాను. వచ్చే జూన్‌లో మొక్కలే కావాలంటే అవే ఇస్తాను. ఈలోగా ఆ పొట్టివాటి పిలకలు మాత్రం ఉంచకండి, అవీ పొట్టివే వస్తాయి.