రెక్యూజెంట్ అంటే తిరుగుబాటుదారు కాదు

సంపాదకుల వారికి,

మా అబ్బాయి పోటీ పరీక్షల పుస్తకంలో ‘రెక్యూజెంట్’ అనే ఇంగ్లిషు మాటకు ‘తిరుగుబాటుదారు’ అని అర్థం ఇచ్చారు. చూసి బాధ కలిగింది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ప్రభుత్వ చర్చికి వెళ్లబోమని చెప్పిన ఇంగ్లండు క్యాథలిక్కులకు పడిన పేరు అది. మొదట ఒక్కో గైర్హాజరీకి 12 పెన్నీల జరిమానా. 1581లో అది నెలకు 20 పౌండ్లయింది. కత్తి పట్టక్కర్లేదు, ‘రాను’ అంటే చాలు. లాటిన్ మూలానికీ నిరాకరించడమనే అర్థం. ఇప్పుడు ఏ అధికారానికైనా తలవంచని వాళ్లకు వాడుతున్నారు.

మన కోనసీమలో దీనికి చక్కటి మాటే ఉంది కదా, ‘ససేమిరా అన్నవాడు’ అని! ద్రాక్షారామంలో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధురాలు దువ్వూరి సుబ్బమ్మగారు బ్రిటిష్ ప్రభుత్వానికి క్షమాపణ చెప్పనని 1922లో జైలుకే వెళ్లారు. ఆమెను ఉదాహరణగా చూపిస్తే పిల్లలకు ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. పుస్తకాలు వేసేవారు దయచేసి సరిదిద్దాలి.

- ఒక పాఠకుడు, అమలాపురం