ఉద్దానంలో కామెర్ల రోగికి ఏ స్కాన్ ఎందుకో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పచ్చకామెర్లు అనగానే మా సోంపేట, కవిటి, మందస వైపు ఇప్పటికీ చాలామంది ముందు పసరు మందుకే పరుగెడతారు. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నా బాధ ఆ తర్వాత జరిగేదాని గురించి. ఆసుపత్రికి వచ్చాక, ఇది లివర్ ఇన్ఫెక్షన్ కాదు, కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు తీసుకెళ్లే పిత్తనాళం రాయితోనో గడ్డతోనో ఎక్కడో మూసుకుపోయింది అని డాక్టరుకు అనుమానం వచ్చాక, ఏ స్కాన్ ముందు తీయాలో, ఏది దేనికో ఇంట్లోవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. చీటీ చేతిలో పెట్టి ‘తీయించుకు రండి’ అంటారు, అంతే.

మా వీధిలో ఒక పెద్దావిడకు ఈమధ్యే ఇలా జరిగింది. మూత్రం ముదురు పసుపు, మలం తెల్లబారిపోయింది, రాత్రంతా దురద. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘సీబీడీ 11 మి.మీ., గ్యాస్ వల్ల కింది భాగం కనిపించలేదు’ అని ఉంది. సీబీడీ అంటే ప్రధాన పిత్తనాళం. దాని వెడల్పు మామూలుగా 6 మి.మీ. లోపే ఉంటుంది, వయసు మీరినవాళ్లకూ గాల్‌బ్లాడర్ తీసేసినవాళ్లకూ కాస్త ఎక్కువ. అంటే కింద అడ్డం ఉండొచ్చని ఆ స్కాన్ గట్టిగానే చెప్పింది, అడ్డం ఏమిటో మాత్రం చూడలేకపోయింది. ఇంట్లోవాళ్లకు అర్థమైంది మాత్రం ‘రాయి లేదంట’ అని! అల్ట్రాసౌండ్ చవక, మొదట తీయాల్సింది అదే, అందులో సందేహం లేదు. కానీ పేగుల్లో గాలి అడ్డొస్తే నాళం చివర ఉన్న రాళ్లు దానికి తరచూ దొరకవు.

ఆ తర్వాత ఆమెకు కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఇంజెక్షన్‌తో సీటీ రాశారు. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ అప్పటికే 2.8, అంటే బాగా ఎక్కువ. ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ రోగులున్నారో రాష్ట్రం మొత్తానికీ తెలుసు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో మొదలైందీ అందుకే. కిడ్నీలు బలహీనపడి ఇంకా డయాలసిస్ దాకా రాని మనిషికి ఆ ఇంజెక్షన్ ఇచ్చే ముందు, అది లేకుండా పని జరుగుతుందా అని ఒక్కసారి ఆలోచించాలి కదా. పైగా కొలెస్ట్రాల్ రాళ్లు కొన్ని సీటీలో పైత్యరసంతో కలిసిపోయి అసలు కనబడవు.

రాయి అని అనుమానం ఉంటే, పిత్తనాళాల బొమ్మ తీసే స్కాన్ ఎంఆర్‌సీపీ ఉంది. 1991లో మొదటిసారి వెలుగులోకి వచ్చిన పద్ధతి, కొత్తదేం కాదు. మామూలు ఎంఆర్ఐ మెషీన్‌లోనే తీస్తారు. నిలిచి ఉన్న ద్రవం తెల్లగా మెరిసేలా బొమ్మ వస్తుంది కాబట్టి నాళంలోని రాయి పాలలో పడ్డ మిరియంలా నల్లగా తేలుతుంది. రాళ్ల కోసమైతే ఇంజెక్షన్ అక్కర్లేదు, ఎక్స్‌రే కిరణాలూ ఉండవు. నూటికి 90కి దగ్గరగా రాళ్లను పట్టేస్తుంది. 5 మి.మీ. కంటే చిన్నవి దీనికీ తప్పిపోవచ్చు, ఊపిరి బిగబట్టలేని వాళ్లకు బొమ్మ సరిగా రాదు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఖర్చు కూడా ఎక్కువే, కాదనను.

సీటీ పనికిరాదని నేను అనడం లేదు. నొప్పి లేకుండా కామెర్లు ముదురుతూ, మనిషి చిక్కిపోతుంటే క్లోమంలో గడ్డ ఉందేమో చూడాలి, అప్పుడు కాంట్రాస్ట్ సీటీ లేకుండా కుదరదు. కిడ్నీల సంగతి డాక్టర్లు చూసుకుంటూనే తీస్తారు. నా అభ్యంతరం ఏ రోగి వచ్చినా అదే చీటీ రాయడం మీదే.

కేవలం చూడ్డానికే ఈఆర్‌సీపీకి విశాఖ పంపడం ఇంకా తప్పు. నోటి గుండా గొట్టం వేసి రాయి తీసేయడానికి అది మంచి పద్ధతి, కానీ దానివల్ల నూటికి 3 నుంచి 10 మందికి క్లోమం వాస్తుంది. అడ్డం ఉందని తేలాకే దాని జోలికి వెళ్లాలి. అయితే కామెర్లతో పాటు చలిజ్వరం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే మాత్రం నాళంలో ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. స్కాన్ల కోసం ఊళ్లు తిరగకుండా ఆ రోజే పెద్దాసుపత్రిలో చేర్చండి.

జిల్లా వైద్యాధికారులను అడిగేది రెండే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు కామెర్లు వస్తే స్కాన్ చీటీ మీద క్రియాటినిన్ ఎంతో, ఆ స్కాన్ ఎందుకో రాయడం తప్పనిసరి చేయండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి వాళ్లకు ఎంఆర్‌సీపీ వారాల తరబడి వాయిదా పడకుండా చూడండి.

– ఒక పాఠకుడు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా